నోటి బ్యాక్టీరియా వల్ల క్యాన్సర్ వస్తుందా? ముందు అమ్మగారి అంగిలి చూపించండి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నానికి దగ్గరలోని ఒక పల్లె. మా అమ్మకు 61 ఏళ్ళు. ఊరూరా తిరిగి చేపలమ్మిన మనిషి. దాదాపు ముప్పై అయిదేళ్ళు అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, కాల్చింది. మా బాబు పుట్టాక, రెండేళ్ళ కిందట, మా మాట మీద మానేసింది. మానేసిన కొన్నాళ్ళ నుంచి చిగుళ్ళలో రక్తం వస్తోంది, నోరు వాసన వేస్తోంది, కింది పళ్ళు రెండు కదులుతున్నాయి. చుట్ట ఉన్నప్పుడే నోరు బాగుండేదని, మళ్ళీ కాలిస్తే రక్తం ఆగుతుందని అంటోంది. మూడు నెలల కిందట మా పిన్నికి అంగిట్లో క్యాన్సర్ అని తేలింది. ఆమెదీ ఇదే అలవాటు. విశాఖపట్నంలో చూపిస్తున్నాం, రేడియేషన్ ఇస్తామన్నారు. నోటిలోని బ్యాక్టీరియా వల్ల తల, మెడ క్యాన్సర్లు వస్తాయని ఈమధ్య ఫోనులో ఒక వీడియో చూశాను. అది నిజమేనా? అమ్మకు యాంటీబయాటిక్ కోర్సు గాని మౌత్‌వాష్ గాని వాడిస్తే ముప్పు తప్పుతుందా? అమ్మ తన కంచంలోని అన్నమే బాబుకు ముద్దలు పెడుతుంది, ఆ బ్యాక్టీరియా వాడికి అంటుతుందా? కదిలే పళ్ళు పీకిస్తే క్యాన్సర్ వస్తుందని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు, ఏం చేయమంటారు? అమ్మ అంగిలి మీద కొంత మేర తెల్లగా, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో ఉంటుంది. అది ఎప్పటినుంచో ఉన్నదే.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన నాలుగు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అయితే మీరు ప్రశ్నగా అడగకుండా, ఉత్తరం ముగించేటప్పుడు అలవోకగా రాసిన చివరి మాట దగ్గరే నా చూపు నిలిచిపోయింది. అంగిలి మీద తెల్లగా మందంగా మారిన చర్మం, దాని మధ్యలో ఎర్ర చుక్కలు: ముప్పై అయిదేళ్ళు నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చిన మనిషి నోట్లో ఈ మార్పు కనిపిస్తే, బ్యాక్టీరియా సంగతి తరవాత చూసుకోవచ్చు గాని, దాన్ని ఈ వారంలోనే వైద్యుడి కంటికి చూపించాలి. ఆ ఎర్ర చుక్కలు అంగిట్లోని చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు. ఏళ్ళ తరబడి వేడీ పొగా తగిలి అవి వాచి, చుట్టూ ఉన్న పొర గట్టిపడి తెల్లబారుతుంది. మామూలుగా పొగ తాగేవారిలో ఇటువంటి మార్పు క్యాన్సర్‌గా మారడం అరుదు. అడ్డచుట్ట కాల్చేవారిలో మాత్రం వైద్యులు దీన్ని క్యాన్సర్‌కు ముందుదశ కాగలిగిన మార్పుగానే చూస్తారు. మీ అమ్మగారికి క్యాన్సర్ ఉందని నేను అనడం లేదు. ఇటువంటి అంగిళ్ళలో చాలావరకు క్యాన్సర్ ఉండదు. కాని "ఎప్పటినుంచో ఉన్నదే" అన్న మాట ధైర్యం చెప్పుకోవడానికి పనికిరాదు.

మన తీరప్రాంతపు ఈ అలవాటును వైద్య ప్రపంచం యాభై ఏళ్ళకు పైగా గమనిస్తూనే ఉంది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంత పరిశోధన చేసిన మెహతా, వారి సహచరులు మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. వారిలో 43.8 శాతం మంది చుట్టను అడ్డంగా, అంటే కాలే కొసను నోట్లో పెట్టుకుని కాల్చేవారే. గాలికీ, సముద్రపు తుంపరకూ చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, చేతిలో పని ఉన్నప్పుడు బూడిద మీద పడకుండా ఉంటుందని మొదలైన అలవాటు ఇది అంటారు. ఎక్కువగా ఆడవాళ్ళలోనే పాతుకుపోయింది. ప్రపంచంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ నాలుక మీదనో, దవడ లోపలి చెంప మీదనో ఎక్కువగా కనిపిస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. మన పల్లెల్లో అది అంగిలి మీదకు ఎక్కడానికి కారణం ఆ నిప్పూ ఆ పొగా నేరుగా తగిలే చోటు అదే కావడం. మీ పిన్నిగారికి వచ్చినదీ అక్కడే. ఇంత స్పష్టమైన కారణం కళ్ళ ముందు ఉండగా, తప్పంతా కనిపించని బ్యాక్టీరియా మీదకు నెట్టే వీడియోలు ఎంతో మందిని దారి తప్పిస్తాయేమోనన్నది నా అసలు బెంగ.

ఇక ఆ వీడియోలో చెప్పినది పూర్తిగా అబద్ధమా అంటే, కాదు. మన నోట్లో దాదాపు 700 రకాల బ్యాక్టీరియా నివసించగలవని అంచనా. వాటిలో చాలావరకు మనతో కలిసి బతికేవే, కొన్ని మేలు కూడా చేస్తాయి. పళ్ళ మీద పేరుకునే పాచిలోను, అది గట్టిపడి ఏర్పడే గారలోను, చిగురుకూ పంటికీ మధ్య లోతుగా ఏర్పడే సందుల్లోను ప్రాణవాయువు అందని చోట పెరిగే రకాలు వేరు. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం అనేవి ఆ కోవకు చెందినవి. చిగుళ్ళ జబ్బులో ఇవి బాగా పెరుగుతాయి. నోటి క్యాన్సర్ గడ్డల నుంచి తీసిన కణజాలంలో కూడా వీటి జాడ పరిశోధకులకు పలుమార్లు దొరికింది. అయితే గడ్డలో దొరికినంత మాత్రాన గడ్డకు అవే కారణమని చెప్పలేం. చెట్టు కుళ్ళినందువల్ల పుట్టగొడుగు మొలిచిందా, పుట్టగొడుగు వల్ల చెట్టు కుళ్ళిందా అన్నది రెండూ కలిసి ఉన్నప్పుడు చూస్తే తెలియదు గదా.

ఈ చిక్కును కొంతవరకు విప్పే అధ్యయనం ఒకటి 2024లో అమెరికా వైద్య సంఘం వారి క్యాన్సర్ పత్రికలో వచ్చింది. బహుశా మీరు చూసిన వీడియోకు మూలం అదే కావచ్చు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు నోరు పుక్కిలించి ఇచ్చిన నమూనాలను దాచి ఉంచిన మూడు పెద్ద అధ్యయనాల నుంచి, దాదాపు 1,60,000 మందిని తీసుకున్నారు. తరవాతి సంవత్సరాలలో వారిలో తల, మెడ క్యాన్సర్ వచ్చిన 236 మంది నమూనాలను, రాని 485 మంది నమూనాలతో పోల్చి చూశారు. జబ్బు రాకముందే తీసిన నమూనాలు కాబట్టి, గడ్డ వల్ల బ్యాక్టీరియా మారిందనే సందేహానికి ఇక్కడ చోటు తక్కువ. పదమూడు రకాల బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నవారిలో ముప్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపించింది. చిగుళ్ళ జబ్బులో కనిపించే మరో అయిదు రకాలను కూడా కలిపి చూస్తే అది 50 శాతం వరకు వెళ్ళింది. పొగ, మద్యం, వయస్సు వంటివాటిని లెక్కలోంచి తీసివేశాక తేలిన అంకెలే ఇవి. అయినా ఇది ఒక సంబంధాన్ని మాత్రమే చూపుతుందని, కారణాన్ని నిరూపించదని ఆ పరిశోధకులే స్పష్టంగా చెప్పారు.

ఈ 50 శాతం అన్న మాటే జనాన్ని హడలగొడుతుంది. దాని అర్థం నూటికి యాభై మందికి క్యాన్సర్ వస్తుందని కాదు. ఒక మనిషికి మామూలుగా ఎంత ముప్పు ఉందో, దానికి మరో సగం కలిసిందని. అసలు ముప్పు చాలా చిన్నదైతే, దానికి సగం కలిసినా చిన్నదే. లక్షా అరవై వేల మందిలో ఆ జబ్బు వచ్చినవారు 236 మందే అన్నది గుర్తుంచుకోండి. అడ్డచుట్ట కాల్చినవారి విషయంలో మాత్రం ఆ అసలు ముప్పే పెద్దది. అందువల్ల వారు చిగుళ్ళను పట్టించుకోవడం ఇంకా అవసరం.

బ్యాక్టీరియా హాని ఏ దారిన చేయగలదో కొంత తెలిసింది. చిగుళ్ళలో ఏళ్ళ తరబడి వాపు ఉంటే అక్కడి కణాలు చచ్చి మళ్ళీ పుడుతూనే ఉంటాయి, ఆ తొందరలో పొరపాట్లు జరిగే అవకాశం పెరుగుతుంది. దెబ్బతిన్న కణం తనంతట తాను చనిపోయే సహజ ఏర్పాటు ఒకటి మన శరీరంలో ఉంది. ప్రయోగశాలలో చూసినప్పుడు పోర్ఫిరోమోనాస్ ఆ ఏర్పాటును అడ్డుకుంటున్నట్టు తేలింది. మద్యం తాగేవారి నోట్లో కొన్ని బ్యాక్టీరియా ఆ మద్యాన్ని అసిటాల్డిహైడ్ అనే విష పదార్థంగా మారుస్తాయి. మద్యం తాగడం వల్ల శరీరంలో ఏర్పడే ఆ పదార్థాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, నిశ్చయంగా క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. పాచి పట్టిన నోట్లో అది మరింత ఎక్కువగా తయారవుతుంది. అంటే బ్యాక్టీరియా ఒంటరిగా చేసే పని కన్నా, పొగాకుతోను మద్యంతోను చేతులు కలిపి చేసే పనే ఎక్కువ.

అన్నిటికీ ఒకే తీర్పు చెప్పలేమనడానికి ఒక విషయం చెబుతాను. ఫ్యూసోబ్యాక్టీరియం పెద్దపేగు క్యాన్సర్‌లో రోగికి కీడు చేస్తుందని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. అదే బ్యాక్టీరియా తల, మెడ క్యాన్సర్ గడ్డల్లో ఉన్నవారు మిగతావారికన్నా ఎక్కువ కాలం బతికారని, ప్రయోగశాలలో అది ఆ క్యాన్సర్ కణాలను చంపిందని లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2024లోనే ప్రకటించారు. ఇంకా నలుగుతున్న శాస్త్రం ఇది. కాబట్టి నోట్లోని బ్యాక్టీరియా అంతటినీ మందులతో చంపేస్తే క్యాన్సర్ రాదనుకోవడానికి ఆధారం లేదు.

అందుకే యాంటీబయాటిక్ కోర్సు వద్దు. పది రోజులు వాడి ఆపగానే, గార అలాగే ఉన్న నోట్లోకి అవే రకాలు మళ్ళీ వచ్చి చేరతాయి, పైగా మందుకు లొంగని రకాలు పెరుగుతాయి. మౌత్‌వాష్ వైద్యుడు రాసినన్ని రోజులే వాడాలి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది ఎక్కువకాలం వాడితే పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి తెలియకుండా పోతుంది. లాలాజలం తీసుకుని బ్యాక్టీరియా జాబితా ఇస్తామనే పరీక్షల ప్రకటనలు కనిపిస్తే వాటి మీద డబ్బు పెట్టకండి. ఆ జాబితా చూసి ఏ వైద్యుడూ మీ అమ్మగారికి చేయవలసినదాన్ని మార్చడు. చేయవలసినది దంతవైద్యుడి దగ్గర గార తీయించడం, లోతైన సందులు శుభ్రం చేయించడం, రోజూ రెండుపూటలా మెత్తని బ్రష్షుతో చిగురు అంచు దాకా తోమించడం. గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్న భయం మన వైపు బలంగా ఉంది. నిజానికి పళ్ళ చుట్టూ ఎముక అప్పటికే అరిగిపోయి ఉంటుంది, అప్పటిదాకా గార అడ్డుగా నిలబెట్టిన కదలిక అది పోయాక బయటపడుతుంది. వేపపుల్లతో తోముకోవడం అలవాటైతే మెల్లగా తోముకోవచ్చు. ఇటుకపొడి, బొగ్గుపొడి, కచ్చిక మాత్రం మాన్పించండి, అవి పంటి పైపొరను అరగదీస్తాయి. ఒడిశాలో గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకుంటారు. సరిహద్దు దాటి అది మీ ఇంటికి వచ్చి ఉంటే, అది కూడా పొగాకే. చక్కెరవ్యాధి పరీక్ష ఒకసారి చేయించండి, రక్తంలో చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు నయం కావు. పంటినొప్పికి మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగించవద్దని కూడా, ఉద్దానం మూత్రపిండాల జబ్బును చూసిన జిల్లావాళ్ళకు, ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తోంది, అవి మూత్రపిండాలకు చేటు చేయగలవు కాబట్టి.

చుట్ట మానేశాకే రక్తం మొదలైందని మీ అమ్మగారు అన్న మాట ముమ్మాటికీ నిజం, అయితే ఆమె తీసిన అర్థం తప్పు. పొగాకులోని నికోటిన్ చిగుళ్ళలోని సన్నని రక్తనాళాలను బిగించి ఉంచుతుంది. అందువల్ల లోపల జబ్బు ముదురుతున్నా చిగురు ఎర్రబడదు, రక్తం కారదు. పొగ తాగేవారి చిగుళ్ళు పైకి బాగున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. చుట్ట మానేశాక రక్తప్రసారం మామూలు స్థితికి వస్తుంది, అప్పటిదాకా కప్పి ఉన్న జబ్బు రక్తం రూపంలో పైకి కనిపిస్తుంది. అంటే ఈ రక్తం ఆమె చిగుళ్ళు మళ్ళీ ప్రాణం పోసుకుంటున్నాయనడానికి గుర్తు, గార తీయిస్తే చాలావరకు తగ్గుతుంది. మళ్ళీ చుట్ట వెలిగిస్తే రక్తం ఆగవచ్చు, జబ్బు మాత్రం ఆగదు. ఈ మాట ఆమెకు ఓపికగా చెప్పండి. ముప్పై అయిదేళ్ళ అలవాటును మనవడి కోసం వదిలిన మనిషి అర్థం చేసుకుంటుంది. మనసు మళ్ళీ అటు లాగుతుంటే 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత నంబరుకు ఫోను చేస్తే, పొగాకు మానినవారు నిలదొక్కుకోవడానికి సలహా ఇస్తారు. మానేసిన ఏళ్ళు గడిచేకొద్దీ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది, కాని రెండేళ్ళలో అంతా చెరిగిపోదు.

బాబు సంగతి. నోటి బ్యాక్టీరియా ఉమ్ము ద్వారా ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. పిల్లలకు పుచ్చుపళ్ళు తెచ్చే రకాలు చాలావరకు ఇంటి పెద్దల నోటి నుంచే వస్తాయి. అంతమాత్రాన క్యాన్సర్ అంటుకోదు. అమ్మగారు చేయి కడుక్కుని ముద్ద పెట్టవచ్చు, ఆమె ఎంగిలి స్పూను వాడి నోట్లో పెట్టకుండా ఉంటే చాలు. దయచేసి ఆమెకు కంచం, గ్లాసు వేరు చేయకండి. మీ పిన్నిగారికి కూడా చేయవద్దు. జబ్బుతో ఉన్న మనిషిని పంక్తి నుంచి దూరంగా కూర్చోబెట్టిన ఇళ్ళు నేను చూశాను. ఆ దుఃఖం మందులకు తగ్గదు.

పన్ను పీకిస్తే క్యాన్సర్ వస్తుందన్న మాట పుట్టడానికి ఒక కారణం ఉంది. చిగురులో అప్పటికే క్యాన్సర్ మొదలై, దానివల్ల పన్ను కదిలి, ఎవరూ గుర్తించకుండా ఆ పన్ను పీకితే, గుంట మానకపోగా అక్కడి నుంచి పుండు పైకి పెరుగుతుంది. చూసేవారికి పన్ను పీకినందువల్లే వచ్చినట్టు అనిపిస్తుంది. కాబట్టి పళ్ళు పీకే ముందు నోరంతా చూడమని, అవసరమైతే ఎక్స్‌రే తీయమని అడగండి. అలాగే అంగిలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని వైద్యులు చెబితే వెనకాడవద్దు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్నది నిజం కాదు. ఆ ముక్క చూడకుండా ఎంత అనుభవజ్ఞుడైనా కచ్చితంగా చెప్పలేడు.

మీ పిన్నిగారి విషయంలో బ్యాక్టీరియాకు నిజంగా పెద్ద పాత్ర ఉంది, కాని వీడియోలు ఆ సంగతి చెప్పవు. నోటికి రేడియేషన్ ఇస్తే లాలాజలం తగ్గిపోతుంది. నోటిని కడిగే ఆ నీరు లేకపోతే పళ్ళు నెలల్లోనే పుచ్చిపోతాయి, బూజు జాతి సూక్ష్మజీవులు పెరిగి నోరు పూస్తుంది. రేడియేషన్ తరవాత పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది. అందుకే రేడియేషన్ మొదలుపెట్టక ముందే దంతవైద్యుడికి చూపించి, నిలవని పళ్ళు తీయించి, ఆ గాయం మానడానికి రెండు మూడు వారాల వ్యవధి ఉండేలా చూసుకోవాలి. క్యాన్సర్ వైద్యులు ఈ మాట ఇంకా చెప్పి ఉండకపోతే మీరే అడగండి. ఆ చికిత్స నడిచినన్నాళ్ళూ ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో రోజుకు చాలాసార్లు పుక్కిలించమంటారు. మద్యం కలిసిన మౌత్‌వాష్ ఆమె దరిదాపులకు రానివ్వకండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. పగటి వెలుతురులో అమ్మగారిని కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, ఫోను లైటుతో అంగిలి, నాలుక పక్కలు, నాలుక కింద, రెండు చెంపల లోపల చూడండి. తెలుపు మధ్య ఎర్రగా పరుచుకున్న మచ్చ, పుండు, గరుకుగా లేచిన బొడిపె, తాకితే రక్తం వచ్చే చోటు ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. నోరు తెరిస్తే మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి. మెడలో గడ్డ, గొంతు బొంగురు, మింగేటప్పుడు నొప్పి, ఒక పక్కనే చెవిపోటు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే అవి కూడా చూపించవలసినవే. ఇవేమీ లేకపోయినా ఆమె అంగిలిని ఈ వారంలో చూపించాలన్న మాట మారదు. ముప్పై ఏళ్ళు దాటిన అందరికీ నోరు చూసే పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే కాబట్టి ఊళ్ళోని ఏఎన్ఎంను, ఆశాను అడగవచ్చు. ఇలా కంటితో చూసే సాదా పరీక్షకు విలువ తక్కువ కాదు. కేరళలోని తిరువనంతపురం దగ్గర ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు చూడడం వల్ల, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అయితే మీ అమ్మగారి అంగిట్లో ఇప్పటికే మార్పు ఉంది కాబట్టి ఊళ్ళో చూపించి ఆగిపోకుండా, శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దంత విభాగానికి తీసుకువెళ్ళండి. అక్కడి నుంచి పంపితే విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్ళండి.

బి-కాంప్లెక్స్ మాత్రలు రాసి నెల తరవాత రమ్మంటే, అంగిలి మీది మచ్చ సంగతి అడగకుండా లేచి రావద్దు. ఆడవాళ్ళు చుట్ట సంగతి డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతారు, అడిగితే "అలవాట్లేమీ లేవు" అంటారు, అది విన్న కొత్త డాక్టరు అంగిలి వైపు చూడకుండా పళ్ళు మాత్రమే చూసి పంపేస్తాడు. అందుకని మీరు తప్పకుండా పక్కన ఉండండి. ఆమె చెప్పలేకపోతే, ముప్పై అయిదేళ్ళు కాల్చిందని, నిప్పు లోపలికి పెట్టి కాల్చిందని, రెండేళ్ళ కిందట మానేసిందని, చెల్లెలికి అంగిట్లోనే క్యాన్సర్ వచ్చిందని మీరే చెప్పండి.